నైతిక వికాస దశల గురించి రాస్తున్న యువ రచయితకు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

చెన్నై నుంచి నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఈ విషయం మీద తెలుగులో ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషించాను. అయితే మంచిచెడుల గురించిన ఆలోచన శిక్ష భయం నుంచి అందరికీ వర్తించే న్యాయ సూత్రాల దాకా మెట్లుమెట్లుగా ఎదుగుతుందంటూ అమెరికన్ మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ చెప్పిన ఆరు దశలను నువ్వు మనుషులకు వేసిన మార్కులుగా రాశావు. ఆయన కొలిచింది మనిషిని కాదు, మనిషి చెప్పిన కారణాన్ని. ఈ తేడా చెరిగిపోతే వ్యాసమంతా తప్పుదారి పడుతుంది.

1958లో షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో ఆయన 10 నుంచి 16 ఏళ్ల మగపిల్లలకు చిక్కుప్రశ్నలు వేశాడు. వాటిలో బాగా పేరుపొందింది, చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం, కొనే స్తోమత లేక మందు దొంగిలించిన హైంజ్ కథ. దొంగిలించాల్సిందేనని ఇద్దరు పిల్లలు అన్నా, ఒకడు భార్య పోతే తనను చూసుకునేవారు ఉండరు గనుక అనవచ్చు, ఇంకొకడు ఆస్తి కన్నా ప్రాణం ముఖ్యం గనుక అనవచ్చు. జవాబు ఒకటే అయినా ఆలోచన ఒకటి కాదని చూపడమే ఈ సిద్ధాంతపు అసలు బలం. ఆ పిల్లలనే దాదాపు 20 ఏళ్లపాటు గమనించి 1983లో ప్రకటించిన ఫలితాల్లో చాలామంది దశలు దాటవేయకుండా వరుసగానే ముందుకు వెళ్లినట్లు తేలింది. దీనికి నువ్వు ఒక్క వాక్యమే కేటాయించడం అన్యాయం.

బలహీనతల దగ్గర మాత్రం తొందరపడ్డావు. మొదటి పరిశోధనలో ఆడపిల్లలే లేరని, ఆప్యాయతతో కూడిన బాధ్యతకు అందులో తగిన చోటు దక్కలేదని మనస్తత్వవేత్త కెరోల్ గిలిగన్ 1982లో వాదించింది. అక్కడే ఆగిపోయావు. స్త్రీపురుషుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా సాధారణంగా కనిపించదని 1984లో లారెన్స్ వాకర్ చూపిన సంగతీ పాఠకుడికి తెలియాలి. టీచర్ ఒప్పుకుంటే యూనిఫాం లేకుండా రావచ్చు గానీ, ఒప్పుకున్నా పక్కవాణ్ణి కొట్టకూడదని నాలుగైదేళ్ల పిల్లలే చెబుతారని ఎలియట్ ట్యూరియల్ బృందం గమనించింది. చిన్నపిల్లలకు శిక్ష భయం తప్ప మరేమీ తెలియదన్న నీ వాక్యం దీని ముందు నిలవదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. జోన్ మిల్లర్, డేవిడ్ బెర్సాఫ్ 1992లో అమెరికాలోని న్యూహేవెన్ వారినీ, ఇక్కడికి దగ్గరలోని మైసూరు వారినీ పోల్చారు. న్యాయానికీ ఆత్మీయుల పట్ల బాధ్యతకూ పోటీ వచ్చినప్పుడు మైసూరువారు బాధ్యత వైపు మొగ్గడం ఎక్కువ. పైగా దాన్ని ఇష్టాయిష్టాల సంగతిగా కాక నైతిక విధిగానే చూశారు. మన ఇళ్లలో "తమ్ముడికి మాటిచ్చాను" అన్నవాణ్ణి, మెప్పు కోసం పాకులాడే మూడో దశవాడని వెంటనే రాసేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడు. ఆ మాట వెనుక మెప్పు ఉందో, బాగా ఆలోచించి తలకెత్తుకున్న ధర్మం ఉందో మళ్లీ అడిగితే తప్ప తెలియదు.

కాబట్టి నీ వ్యాసం మూడో పేరా కోసం నువ్వు మాట్లాడిన, తమ్ముడి అప్పు తీర్చిన ఆ బస్తీ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లు. తమ్ముడి అప్పు ఎందుకు తీర్చావని అడిగి ఊరుకోకు. తమ్ముడు కాక పొరుగువాడైతే ఏం చేసేవాడో, ఎవరికీ తెలియదంటే ఏం చేసేవాడో కూడా అడుగు. ఆయన మాటలను ఆయన పలికినట్లే రాసుకుని, ఆ తర్వాతే దశ పేరు ఎత్తాలో వద్దో నిర్ణయించుకో. మూడో పేరాను ఆ మాటలతో తిరగరాసి నాకు పంపించు.

ఆశీస్సులతో.