దుక్కిలో తీతువు గుడ్లు: తీసి గట్టున పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. శనక్కాయ వేయడానికి బీడు దున్నుతుంటే రాళ్ల మధ్య నాలుగు గుడ్లు కనిపించాయి. రెండు పిట్టలు ట్రాక్టరు మీదికి దూసుకొస్తూ ఒకటే అరుపు. కంటి ముందు పసుపు తోలు వేలాడుతోంది. అది తీతువని, పొలంలో అరిస్తే కీడని మా అమ్మకు టెన్షన్. గుడ్లు తీసి గట్టున పెట్టొచ్చా? విత్తాక గింజలు తింటుందా?

జవాబు: గుడ్లను కదపకండి. చోటు మారిస్తే ఆ జంట వాటిని మళ్లీ పొదుగుతుందన్న నమ్మకం లేదు.

మీరు చూసినవి పసుపు తోలు తీతువులు. నెత్తిన నల్లటి టోపీ, దాని కింద తెల్లటి గీత, మట్టి రంగు వీపు, పొడుగాటి పసుపు కాళ్లు ఉంటాయి. చెరువుల దగ్గర ఎక్కువగా కనిపించే ఎర్ర తోలు తీతువుకు తల, గొంతు, రొమ్ము నల్లగా ఉంటాయి. మీది మెట్ట పిట్ట. గడ్డి పొట్టిగా ఉండే రాతి బీళ్లే దీని ఇల్లు. చెట్ల మీద గూడు కట్టదు, నేల మీదే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు రాళ్లలో కలిసిపోతాయి, అదే వాటికి రక్షణ. మీకు కనబడటం అదృష్టమే.

ఎండాకాలంలో పొదగడం అంటే వెచ్చబెట్టడం మాత్రమే కాదు. నడి మధ్యాహ్నం గుడ్లు మాడిపోకుండా నీడ పట్టాలి. కొన్నిసార్లు పక్షి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అందుకే మిట్ట మధ్యాహ్నం గూడు దగ్గర నిలబడి దాన్ని లేపకండి. చుట్టుపక్కల దుక్కి పొద్దున్నే ముగించండి. గూటి చుట్టూ పది అడుగుల మేర దున్నకుండా వదిలి, ఆ నేల చెక్క అంచున రాళ్లు పెట్టుకోండి. గూటి పక్కనే కర్ర పాతితే కాకులకు, కుక్కలకు ఆనవాలు చూపినట్టే. గొర్రెలను అటు తోలనివ్వకండి.

పిల్లలు బయటికి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. మీరు చూసేటప్పటికే కొన్ని రోజులు గడిచి ఉండొచ్చు. పుట్టిన కాసేపటికే పిల్లలు నడిచి గూడు వదిలేస్తాయి. తల్లి హెచ్చరించగానే నేలకు అతుక్కుని కదలకుండా పడుకుంటాయి. కాబట్టి గూడు ఖాళీ అయినా మొదటి రోజుల్లో ట్రాక్టరు ముందు ఒక మనిషిని నడిపించండి.

విత్తనం గురించి భయం వద్దు. దీని తిండి ముఖ్యంగా పెంకు పురుగులు, చెదలు, ఇతర చిన్న పురుగులు. అలాగని ఇది ఉంది కదా అని విత్తనశుద్ధి మానకండి. మందు పట్టించిన గింజలు మాత్రం మట్టి పైన మిగలకుండా పూడ్చండి. పురుగులకు విషపు ఎరలు వాడితే ఆ చెక్క దరిదాపుల్లో చల్లొద్దు.

అమ్మగారికి చెప్పండి: కుక్కో, నక్కో, మనిషో గుడ్ల వైపు వచ్చినప్పుడు ఈ పక్షి అరుస్తుంది. ఆ భయం దాని పిల్లల గురించే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనికి రక్షణ ఉంది, కనుక గుడ్లు ఎవరూ తీసుకెళ్లకుండా చూడండి. వేరుశనగ విత్తడానికి ఎలాగూ వాన పడాలి, అంతవరకు ఆ కాస్త చెక్క వదిలితే మీకు నష్టం లేదు.