రోమన్ రిపబ్లిక్‌ను లంచాలే కూల్చాయా?

లంచాలొక్కటే కాదు, సైన్యాలు దేశానికి కాక తమ సేనాపతులకు విధేయంగా మారడం ఇంకా పెద్ద దెబ్బ. కానీ అంతకుముందే లంచం వ్యవస్థను లోపలి నుంచి తినేసింది.

రోమ్‌లో పదవులకు జీతం లేదు, ఎన్నికలు మాత్రం ఏటా వచ్చేవి. గెలవాలంటే చాలామందికి అప్పే దిక్కు. ఓట్ల డబ్బును ముందు మధ్యవర్తి దగ్గర ఉంచేవారు. తెగలవారీగా (రోమ్‌లో ఓటర్ల విభాగాలివి) పంచడానికి వేరే మనుషులుండేవారు. క్రీ.పూ. 54లో అత్యున్నత పదవైన కాన్సుల్‌కు పోటీ ఎంత ముదిరిందంటే, జూలై మధ్యలో వడ్డీ ఏడాదికి 4 శాతం నుంచి 8 శాతానికి ఎగబాకింది.

ఆ అప్పు తీరేది రోమ్ ఏలుబడిలోని రాష్ట్రాల్లో, గవర్నరుగా వెళ్లి జనాన్ని పిండితేనే. క్రీ.పూ. 73-71లో సిసిలీని ఏలిన వెర్రెస్ లెక్కను వక్త, లాయరు సిసెరో కోర్టులో బయటపెట్టాడు: ఒక ఏడాది రాబడి తనకు, రెండోది లాయర్లకు, అన్నిటికన్నా బాగా గిట్టిన మూడోది జడ్జీలకు.

చట్టాలు లేకకాదు. దోపిడీ కేసులకు క్రీ.పూ. 149లోనే శాశ్వత కోర్టు పెట్టారు. ఎన్నికల లంచానికి క్రీ.పూ. 63లో పదేళ్ల దేశబహిష్కారం విధించారు. నా దృష్టిలో అసలు కుళ్లు తీర్పు చెప్పే జడ్జీల బృందాల్లోనే, అంటే జ్యూరీల్లోనే ఉంది. నియంత సుల్లా సంస్కరణల తర్వాత అక్కడ కూర్చున్నది సెనేటర్లే, అంటే రేపు గవర్నర్లుగా వెళ్లాల్సినవాళ్లు. క్రీ.పూ. 70లో జ్యూరీని మూడు వర్గాలకు పంచినా జబ్బు నయం కాలేదు. క్రీ.పూ. 61లో మతాచారాన్ని అపవిత్రం చేశాడన్న ఆరోపణపై నాయకుడు క్లోడియస్ మీద నడిచిన కేసులో జడ్జీలు భద్రత కావాలని కాపలా అడిగారు, తర్వాత 31-25తో అతన్ని వదిలేశారు. "కాపలా ఎందుకడిగారు, పుచ్చుకున్న డబ్బు ఎవరైనా కొట్టేస్తారనా?" అని సెనేటర్ కాటులస్ వాళ్లలో ఒకరిని నిలదీశాడు.