పెట్టె పాడైతే పెళ్లి వీడియోలు పోతాయా?

ప్రశ్న: మూడు లాంతర్ల దగ్గర నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు దాచడానికి రెండు హార్డ్‌డిస్కులు పట్టే న్యాస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు దాచుకునే పెట్టె) కొన్నాను. ఒక్కోటి 4 టీబీ. కంప్యూటర్‌లో 3.6 మాత్రమే చూపిస్తోంది. షాపులో మోసం చేశారా? రేపు పెట్టె కాలిపోతే డిస్కు ఊడదీసి విండోస్ కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: షాపాయన్ని ఏమీ అనకండి. మీ పెట్టె రెయిడ్ 1లో ఉన్నట్టుంది. అంటే ప్రతి ఫైలునీ రెండు డిస్కుల మీదా రాస్తుంది. ఒకటి చచ్చినా రెండోదాంతో పని నడుస్తుంది. కాబట్టి వాడుకోవడానికి మిగిలేది ఒక డిస్కు చోటే. అదైనా 4 ఎందుకు లేదంటారా? తయారీదారు లెక్కలో 4 టీబీ అంటే 4 లక్షల కోట్ల బైట్లు. విండోస్ వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్క కడుతుంది, అక్కడ తగ్గింది.

అసలు సంగతి మీ రెండో ప్రశ్నలో ఉంది. ఈ పెట్టెలు చాలావరకు లినక్స్‌తో (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే చిన్న కంప్యూటర్లు. డిస్కుల మీద ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి పద్ధతుల్లో రాసుకుంటాయి. కొట్టువాడు లోపల సరుకు ఎలా సర్దుకున్నా మనం అడిగింది తెచ్చిస్తాడు కదా, విండోస్‌కీ అంతే: నెట్‌వర్క్ మీదుగా ఫైలు అడిగితే పెట్టే తీసిస్తుంది. డిస్కు తీసి నేరుగా తగిలిస్తే మాత్రం దానికేమీ అర్థం కాదు. ఇనీషియలైజ్ చెయ్యాలనో, ఫార్మాట్ చెయ్యాలనో అడుగుతుంది. టెన్షన్‌లో ఓకే నొక్కేరు, జాగ్రత్త! ఆ డిస్కుని అదే కంపెనీ న్యాస్‌లో పెట్టినా, లినక్స్ తెలిసినవాళ్లకి ఇచ్చినా సాధారణంగా ఫైళ్లు బయటికొస్తాయి.

మీరు అడగలేదు గానీ, రెయిడ్ బ్యాకప్ కాదండీ. మీ కుర్రాడు చూసుకోకుండా ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఆ క్షణమే పోతుంది. వైరస్ పట్టినా, దొంగ పెట్టె ఎత్తుకుపోయినా అంతే. డెలివరీ ఇవ్వని పెళ్లిళ్లయినా ఒక విడి డిస్కులోకి కాపీ చేసి, దాన్ని స్టూడియోలో కాకుండా ఇంట్లో ఉంచండి.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో చూశాం. అంత తుఫానే రానక్కర్లేదు, రాస్తుండగా కరెంటు పోతే ఇంకా మెమరీలోనే ఉన్న డేటా గల్లంతవుతుంది. యూఎస్‌బీ తీగతో న్యాస్‌కి కలిపే యూపీఎస్ కొనండి. కరెంటు పోయిందని అది పెట్టెకి చెబుతుంది, బ్యాటరీ అయిపోయేలోగా పెట్టె తనంతట తానే సర్దుకుని ఆగుతుంది. మామూలు ఇన్వర్టర్ ఆ కబురు చెప్పదు. మీ మోడల్‌కి ఏ యూపీఎస్ నప్పుతుందో కంపెనీ సైటులో చూసుకున్నాకే డబ్బు కట్టండి.