ముందు లైటు వెలిగిందో లేదో చూడు

అల్లుడూ,

రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి సగం నిద్రలో ఉన్నాను. ఏదో చెప్పాను గానీ సరిగ్గా చెప్పలేదనిపించింది, అందుకే పొద్దున్నే కాఫీ తాగేసి ఇది రాస్తున్నా. నాకు అర్థమైనంతలో నీ సంగతి ఇది. ముందు గదిలో పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్, అందులో కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు, దానికే లేజర్‌జెట్ 1020 ప్రింటర్. లోపలి గదిలో విండోస్ 7, 64 బిట్ ది, దానికి వైఫైలో నెట్ వస్తుంది. రెంటి మధ్య ల్యాన్ కేబుల్ (సిస్టమ్‌లని కలిపే నెట్‌వర్క్ వైరు) లాగావు, ఒకదాన్నుంచి ఇంకోటి కనపడట్లేదు, రెండు రోజులుగా పెళ్ళికార్డుల ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఆ గదికీ ఈ గదికీ మోస్తున్నావు. ఇంతవరకూ బానే ఉంది. చివర్లో "ఎక్స్‌పీకి ఫార్మాట్ కొట్టేద్దామా మామయ్యా" అన్నావు చూడు, అక్కడ నిద్ర వదిలిపోయింది నాకు. కొట్టకు. ఆ పేజ్‌మేకర్ సీడీ ఎక్కడుందో మీ నాన్నకే తెలీదు.

నాకూ ఉండేది ఆ తొందర. షాపు పెట్టిన కొత్తలో ఒక రైసు మిల్లు ఆఫీసులో రెండు సిస్టమ్‌లు కలవట్లేదని పిలిచారు. వెళ్ళడం వెళ్ళడమే విండోస్ మీద పడ్డాను, డ్రైవర్లు పీకి మళ్ళీ వేశాను, ఒకదానికి ఫార్మాట్ కూడా కొట్టాను, సాయంత్రం ఆరైంది. గుమస్తా గారు టీ ఇస్తూ మాటవరసకి "ఆ బీరువా వెనకాల ఎలుకలండీ" అన్నారు. బీరువా జరిపి చూస్తే ఏముంది, వైరు రెండు ముక్కలు. ఆ రోజు డబ్బులు తీసుకోలేదు, అడగడానికి మొహం చెల్లక. అప్పట్నుంచి ఎవరు పిలిచినా ముందు నేలమీద చతికిలపడి సీపీయూ వెనక్కి తొంగి చూడటం అలవాటైంది.

నువ్వూ అదే చెయ్యి. కేబుల్ గుచ్చే చోట చిన్న లైటు ఉంటుంది, రెండు సిస్టమ్‌లూ ఆన్‌లో ఉన్నప్పుడు రెండు వైపులా వెలగాలి. వెలగలేదంటే మౌస్ ముట్టుకోవద్దు, ఎందుకంటే స్క్రీన్ మీద నువ్వు ఏం మార్చినా దానివల్ల ఆ లైటు రాదు (ల్యాన్ కార్డునే ఎవరైనా డిజేబుల్ చేసి ఉంటే తప్ప, అదొక్కటి డివైస్ మేనేజర్‌లో చూసుకో). జాక్ పీకి టక్కుమని వినపడేదాకా నొక్కు. ఆ క్లిప్పు విరిగి వదులుగా ఉన్న జాకుల వల్ల నేను చూసినన్ని తంటాలు వైరస్‌ల వల్ల కూడా చూడలేదు.

లైటు రాకపోతే నా అనుమానం కేబుల్ రకం మీదే. నీ ఎక్స్‌పీలో ఉన్నది పాత 100 ఎంబీపీఎస్ కార్డు, రియల్‌టెక్ 8139 అయ్యుండొచ్చు, ఆ రోజుల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి నేను డజన్ల లెక్కన తెచ్చినవి అవే. అలాంటి కార్డు ఒకటో పిన్ను, రెండో పిన్ను మీద మాట్లాడుతుంది, మూడు, ఆరు మీద వింటుంది. అవతలిదీ అంతే. రెంటినీ మామూలు కేబుల్‌తో నేరుగా కలిపితే నోటికి నోరు, చెవికి చెవి ఆనించినట్టు, ఇద్దరూ మాట్లాడతారు, ఎవరికీ వినపడదు. అందుకే క్రాస్ కేబుల్ అని వేరే ఉంటుంది. గిగాబిట్ కార్డులు వచ్చాక చాలావాటికి ఈ గోల పోయింది, ఏ కేబుల్ గుచ్చినా అవే సర్దుకుంటాయి, రెంటిలో ఒక కార్డుకి ఆ తెలివి ఉన్నా చాలు. నీ రెండింటికీ లేకపోతే మాత్రం క్రాస్ కేబులే కావాలి.

నీది ఏ రకమో ఇలా చూడు. జాకుని క్లిప్పు కిందకి, బంగారు రంగు పళ్ళు పైకి, కొస నీకు అవతలి వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి రంగులు చదువు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండో చివరా ఇదే వరసైతే మామూలు కేబుల్. రెండో చివర నారింజ జత, ఆకుపచ్చ జత చోట్లు మారి తెలుపు-ఆకుపచ్చతో మొదలైతే క్రాస్. ఇంకొకటి, నీలం జత మధ్యలో దూరడం, ఆకుపచ్చ జత దానికి అటూ ఇటూ విడిపోవడం చూస్తే అందం చెడినట్టు ఉంటుంది, దాంతో కొందరు కుర్రాళ్ళు జతలన్నీ పక్కపక్కనే వచ్చేలా వరసగా పేర్చి క్రింప్ చేసేస్తారు, అంటే జాక్‌లో పెట్టి నొక్కి బిగించేస్తారు. అలా చేస్తే మూడు, ఆరు పిన్నులు వేరే వేరే జతల్లోకి పోతాయి. లైటు వెలుగుతుంది, టెస్టర్‌లో కూడా అన్నీ సరిగ్గానే చూపిస్తుంది, ఫైలు కాపీ పెడితే మాత్రం సగంలో చచ్చిపోతుంది. అలాంటి కేబుల్ దొరికితే జాకులు కోసేసి మళ్ళీ కొట్టు, బతిమాలుకోకు.

నన్నడిగితే ఈ క్రాస్ కేబుల్ వేట మానేసి అయిదు పోర్టుల స్విచ్ (కేబుళ్ళన్నీ గుచ్చి సిస్టమ్‌లని కలిపే చిన్న పెట్టె) ఒకటి కొనుక్కో, కొన్ని వందలే. లేదా ఇంట్లో మూల పడేసిన పాత రౌటర్ ఉంటే రెండు కేబుళ్ళూ దాని ల్యాన్ పోర్టుల్లో పెట్టు, వ్యాన్ (WAN) అని రాసి ఉన్న దాంట్లో కాదు. మామూలు కేబుళ్ళే సరిపోతాయి, తప్పు ఏ వైపు ఉందో కూడా విడివిడిగా తెలుస్తుంది.

లైట్లు వచ్చాయనుకుందాం. ఇప్పుడు స్టార్ట్‌లో (ఎక్స్‌పీ అయితే అక్కడున్న రన్‌లో) సీఎండీ (cmd) అని కొట్టి, వచ్చే నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టు. 169.254తో మొదలయ్యే ఐపీ నంబరు, అంటే నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ చిరునామా, కనపడిందంటే, నంబరు ఇచ్చేవాడు ఎవరూ దొరక్క సిస్టమ్ తనే ఒకటి పెట్టుకుందని అర్థం. నిజానికి రెండూ అలా పెట్టుకున్నా మాట్లాడుకోగలవు, కాకపోతే ఆ నంబరు ఎప్పుడు మారుతుందో చెప్పలేం, అందుకని నువ్వే రాసి పెట్టు. ఎక్స్‌పీకి 192.168.10.1, విండోస్ 7 కి 192.168.10.2, రెంటికీ మాస్క్ 255.255.255.0. గేట్‌వే (బయటి నెట్‌కి దారి), డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి నంబర్లు వెతికేది) గళ్ళు ఖాళీగా వదిలెయ్యి. ఖాళీగా ఉంటే ఏదోలా ఉంటుందని అందరూ అక్కడ ఏదో ఒకటి నింపుతారు, తర్వాత విండోస్ 7 వైఫై నెట్టుని వదిలేసి ఈ వైరు వెంట ఇంటర్నెట్ వెతుక్కుంటూ పోతుంది, అప్పుడు "మామయ్యా నెట్ కూడా పోయింది" అని ఇంకో ఫోన్. మూడో అంకె 10 ఎందుకన్నానంటే ఇళ్ళల్లో వైఫై రౌటర్లు ఎక్కువగా 192.168.0 గానీ 192.168.1 గానీ వాడతాయి, వైరుకీ అదే వరస ఇస్తే ఏది ఎటు పంపాలో సిస్టమ్‌కి తికమక. ఒకవేళ విండోస్ 7 లో ఎక్కడైనా 192.168.137.1 అని కనపడితే నువ్వు ఇంటర్నెట్ షేరింగ్ టిక్కు పెట్టావన్నమాట, తీసెయ్యి. ఎక్స్‌పీకి నెట్ వద్దు. ఎందుకో కిందకి వచ్చాక చెప్తా.

తర్వాత పింగ్ (ping), అంటే అవతలి సిస్టమ్ పలుకుతుందో లేదో కేకేసి చూడటం. విండోస్ 7 నుంచి పింగ్ 192.168.10.1 అని కొట్టు. ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్తగా చదవాలి: "రిప్లై ఫ్రమ్" అని వచ్చినంత మాత్రాన అవతలి సిస్టమ్ పలికినట్టు కాదు. రిప్లై ఫ్రమ్ 192.168.10.2, డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే అది నీ సిస్టమే, అవతల ఎవరూ లేరని తనే నీకు చెప్తోంది. నంబరు ఎవరిదో చూడు. అదే రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ అని వస్తే వెంటనే ఏ ఆర్ పీ కొట్టి, ఒక ఖాళీ వదిలి, మైనస్ ఏ కొట్టు (arp -a). అందులో 192.168.10.1 పక్కన పన్నెండు అక్షరాల చిరునామా కనపడితే వైరు బంగారం, కార్డు బంగారం, ఎక్స్‌పీ ఇంట్లోనే ఉంది గానీ తలుపు తీయట్లేదు. తలుపంటే ఫైర్‌వాల్, బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా. నా ముప్పై ఏళ్ళ వయసులో ఈ ఒక్క కమాండ్ తెలిసుంటే ఎన్ని రాత్రుళ్ళు ఇంటికి టైముకి వెళ్ళేవాణ్ణో.

ఎక్స్‌పీకి 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫైర్‌వాల్, ఎక్సెప్షన్స్, అందులో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కి టిక్కు. దాంతో పింగ్ కూడా పలుకుతుంది. మొత్తం ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడటం అయిదు నిమిషాల పరీక్షగా పర్వాలేదు, మర్చిపోయి అలాగే వదిలేస్తేనే తంటా. గడువైపోయిన యాంటీవైరస్ ఏదైనా మూల కూర్చుని ఉంటే దానికీ సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు, అది డబ్బులడుగుతూనే అడ్డం పడుతుంది. తీసెయ్యి.

ఇక్కడ నేను నీకు చెప్పదలుచుకున్న అసలు మాట. రెండు వైపులా షేరింగ్ పెట్టకు. నీ పనికి ఒక వైపు చాలు: ప్రింటరూ, పెళ్ళికార్డుల ఫోల్డరూ ఎక్స్‌పీలో ఉన్నాయి, విండోస్ 7 వెళ్ళి వాటిని తెచ్చుకుంటుంది, అక్కడే పెడుతుంది. అప్పుడు తలుపు తీయాల్సింది ఎక్స్‌పీకి ఒక్కదానికే. గేట్‌వే లేని కనెక్షన్‌ని విండోస్ 7 అన్‌ఐడెంటిఫైడ్ అని పబ్లిక్ కింద కడుతుంది, నువ్వు రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టి ఉంటావు, ఉండనీ దాన్ని. ఎక్స్‌పీ నుంచి విండోస్ 7 కి పింగ్ రాకపోయినా కంగారు పడకు. విండోస్ 7 లో హోమ్‌గ్రూప్ అని ఇంకో షేరింగ్ పద్ధతి ఉంటుంది, దాని జోలికి అసలే పోకు, అది ఎక్స్‌పీకి తెలిసిన భాష కాదు.

నెట్‌వర్క్‌లో అవతలి సిస్టమ్ బొమ్మ ఎప్పుడు కనపడుతుందా అని కూర్చోవడం కూడా మానెయ్యి. ఆ జాబితా నిండటానికి ఒక్కోసారి పది పన్నెండు నిమిషాలు పడుతుంది, వర్క్‌గ్రూప్ (సిస్టమ్‌ల గుంపు) పేరు వేరైతే ఇంకా తిరకాసు, ఎక్స్‌పీ హోమ్‌లో అది ఎంఎస్‌హోమ్ అని ఉంటుంది, మిగతావాటిలో వర్క్‌గ్రూప్ అని. రెండూ ఒకటి చెయ్యి, మంచిదే, కానీ పనికి అది అడ్డం కాదు. రన్‌లో \\192.168.10.1 అని నేరుగా కొట్టు. తెరుచుకుంటే తెరుచుకున్నట్టే.

పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ నాన్న యూజర్‌కి పాస్‌వర్డ్ లేదు కదా, పాస్‌వర్డ్ లేని యూజర్‌ని ఎక్స్‌పీ నెట్‌వర్క్ మీంచి లోపలికి రానివ్వదు, సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్ళకే అది చెల్లుతుంది. ఆయనకి ఇప్పుడు పాస్‌వర్డ్ పెడితే రోజూ పొద్దున్నే నిన్ను పిలుస్తారు, అందుకని ఇంకో యూజర్‌ని పెట్టి దానికి పాస్‌వర్డ్ ఇవ్వు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సింపుల్ ఫైల్ షేరింగ్ టిక్కు తీసెయ్యి, లేకపోతే ఎవరొచ్చినా గెస్ట్ కిందే చూస్తుంది. హోమ్ ఎడిషన్ అయితే ఆ టిక్కు తీసే వీల్లేదు, నెట్‌వర్క్ సెటప్ విజార్డ్ ఒకసారి నడిపించి గెస్ట్‌తోనే సర్దుకో. ఫైల్ తెరుచుకుని సేవ్ కాకపోతే అది షేర్ పర్మిషన్, మొదట చదవడానికి మాత్రమే ఇస్తుంది. దాని పక్కనే సెక్యూరిటీ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, రెండూ తీయాలి.

ప్రింటర్‌కి చిన్న చిట్కా. ఎక్స్‌పీ 32 బిట్, విండోస్ 7 ది 64, అందుకని నేరుగా కనెక్ట్ అంటే డ్రైవర్ అడిగి మొరాయిస్తుంది. ముందు విండోస్ 7 లో 64 బిట్ డ్రైవర్ వేసుకో, తర్వాత లోకల్ ప్రింటర్ అనే చెప్పి, కొత్త లోకల్ పోర్ట్ దగ్గర \\192.168.10.1 తర్వాత ఇంకో వాలు గీత (\) పెట్టి ప్రింటర్ షేర్ పేరు ఇవ్వు. షేర్ పేరు పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉండాలి. నాకు చాలా చోట్ల ఇలాగే పడింది.

కాపీ నత్తలా నడిస్తే రెండు కార్డుల్లోనూ స్పీడ్-డ్యూప్లెక్స్ (ఎంత వేగం, రెండు వైపులా ఒకేసారి మాట్లాడాలా వద్దా అనే సెట్టింగ్) ఆటోలో ఉందేమో చూడు, ఒకటి ఆటో, ఒకటి ఫుల్ అని బిగించి ఉంటే ఇలాగే ఏడుస్తుంది. 100 ఎంబీపీఎస్ మీద సెకనుకి పదకొండు ఎంబీ దాకా రావాలి, అంటే 700 ఎంబీ ఫోల్డర్ నిమిషం పైచిలుకు. కాసేపయ్యాక ఎక్స్‌పీ మాయమైపోతే పవర్ ఆప్షన్స్‌లో స్టాండ్‌బై తీసెయ్యి.

ఎక్స్‌పీకి నెట్ ఎందుకు వద్దన్నానో. దానికి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మామూలు అప్‌డేట్లు ఆపి చేతులు కడుక్కుంది, విండోస్ 7 కి 2020 జనవరి 14న. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై అనే వైరస్ వచ్చింది గుర్తుందా, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని తాళం పడిపోయాయి. అది పాకింది ఇదిగో ఈ ఫైల్ షేరింగ్ దారిలోనే, ఎస్ఎంబీ1 అంటారు. ఎక్స్‌పీకి తెలిసింది అదొక్కటే. అందుకే కొత్తగా వేసిన విండోస్ 10 లో 2017 చివర్నుంచి దాన్ని తీసేస్తూ వచ్చారు. రేపు నువ్వు కొత్త విండోస్ సిస్టమ్ కొంటే ఎక్స్‌పీ దానికి కనపడదు, అప్పుడు ఎవడో చెప్పాడని ఎస్ఎంబీ1 ఆన్ చెయ్యకు. విండోస్ 7 కి ఆ ఎస్ఎంబీ1, దాని తర్వాత వచ్చిన కొత్తదీ, రెండు భాషలూ వచ్చు, ఫైళ్ళు దాని మీదుగా తిప్పుకో. ఆ విండోస్ 7 కి కూడా వన్నాక్రై దూరిన కన్నం మూసే 2017 మార్చి అప్‌డేట్ పడిందో లేదో ఈ వారంలోనే చూడు, నెట్‌లో ఉండేది అదే కదా.

సాయంత్రం కూర్చున్నాక ఒకసారికి ఒకటే మార్చు, మార్చింది కాయితం మీద రాసుకో. ఎక్కడైనా ఆగితే నాకు నాలుగు రకాల ఫోటోలు పంపు: రెండు వైపుల లైట్లు, రెండు చివర్ల రంగులు, రెంటి ఐపీకాన్ఫిగ్, పింగ్‌కి వచ్చిన జవాబు. "రావట్లేదు మామయ్యా" అని మెసేజ్ పెడితే నేనేం చెప్పను? క్రింపింగ్ టూల్ మా అటక మీదుంది, అత్తయ్య ఆదివారం మీకు గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, ఆ సంచీలోనే పెడతా. జాకులు పదిహేను వేస్తున్నా, మొదటి నాలుగయిదు ఎలాగూ పాడు చేస్తావు. టూల్ మాత్రం తిరిగివ్వు.

మీ మామయ్య