కాల్చడమా, పేల్చడమా?

సందేహం: అమెరికాలో పాతకాలపు రాష్ట్రాల, ఊళ్ల తుపాకి చట్టాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 'తుపాకి కాల్చరాదు' అనాలా, 'పేల్చరాదు' అనాలా, లేక 'కాల్పులు జరపరాదు' అనాలా అండీ?

సమాధానం: ముందు ఆ 'జరపరాదు' తీసెయ్యండి. కాల్చు అని చక్కటి క్రియ ఉండగా దాన్ని నామవాచకం చేసి వెనకాల 'జరుపు' తగిలించడం పేపర్లు నేర్పిన అలవాటు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక అసలు సంగతి. పేలు మన పాత మాట, వేడికి గింజ పగిలి చప్పుడు చేస్తే అది పేలడం, అలా పేలినవే పేలాలు, తొలి ఏకాదశి నాడు తినే పేలపిండీ అక్కడిదే. అంటే ఈ మాటలో పగలడం, చప్పుడు రెండూ ఉన్నాయి, గురి మాత్రం లేదు. అందుకే 'మనిషిని కాల్చాడు' అంటాం గానీ 'మనిషిని పేల్చాడు' అనం (సినిమా డైలాగుల్లో అంటున్నారు, నాకు నచ్చదు). పేల్చేది తుపాకినో బాంబునో. నోటికొచ్చినట్టు పేలకు అనేది వేరే వాడుక, దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు మీ చట్టాలు చూడండి. వర్జీనియా వలసరాజ్యంలో 1656లో ఒక చట్టం చేశారు, తాగే చోట తుపాకి పేలిస్తే 100 పౌండ్ల పొగాకు జరిమానా, పెళ్లిళ్లకీ చావులకీ మాత్రం మినహాయింపు. ఎందుకంటే స్థానిక తెగలవాళ్లు దాడికొస్తున్నారని ఊరికి తెలిసేది తుపాకి చప్పుడుతోనే, తాగి ఊరికే మోగిస్తే ఏది హెచ్చరికో ఎవడికి తెలుస్తుంది? బెడద చప్పుడుతో కాబట్టి ఇక్కడ పేల్చు అనే రాయండి. న్యూయార్క్ 1785లో డిసెంబర్ 31 రాత్రి, జనవరి 1, 2 తేదీల్లో తుపాకులు పేల్చొద్దన్నది, దానికీ పేల్చు అనే రాయండి.

బోస్టన్ 1783 చట్టం ఇంకా బాగుంటుంది, మందు కూరిన తుపాకి ఇంట్లో పెట్టుకోవద్దంటుంది, ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి వచ్చినవాళ్ల ప్రాణాలకి ముప్పని. అక్కడ కాల్చేవాడే ఉండడు, తుపాకి దానంతటదే పేలుతుంది, కాబట్టి 'పేలు' తప్ప ఇంకేదీ పనికిరాదు. 2008లో ఇంట్లో తుపాకి ఉంచుకునే హక్కు మీద అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన హెల్లర్ కేసులో జస్టిస్ బ్రేయర్ ఆంక్షలను సమర్థిస్తూ ఈ చట్టాన్నే ఎత్తి చూపితే, జస్టిస్ స్కాలియా ఇది మంటలార్పేవాళ్ల కోసం పెట్టింది, దొంగ వచ్చినప్పుడు తుపాకి నింపుకున్నవాడి మీద వాడేవాళ్లా అని అనుమానపడ్డారు.

చిక్కల్లా బోస్టన్ 1746 చట్టంతోనే. గుండు నింపిన తుపాకి ఊళ్లో పేలిస్తే 40 షిల్లింగులు జరిమానా. గుండు ఉంది కాబట్టి కాల్చు అన్నా తప్పనలేను, కానీ ఎవరినో గురి చూసి కాల్చినట్టు ధ్వనిస్తుంది. నేనైతే పేల్చు అంటాను, మీరు కాల్చు అని రాసినా దిద్దను.