ఫిర్యాదు నంబరు ఇచ్చారు, పని మాత్రం కాలేదు
కరెంటు, నీళ్ల బిల్లులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెలకు 120 యూనిట్లు దాటని మా ఇంటికి ఈసారి 480 యూనిట్ల బిల్లు వచ్చింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. "సిస్టమ్‌లో రీడింగు సరిగ్గానే ఉందండీ, మీ వాడకమే పెరిగి ఉంటుంది" అన్న మాటే మళ్లీ మళ్లీ చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఫోన్ ఎత్తిన వ్యక్తికి మీ మీటరు కనిపించదు. రీడింగు తీసినవారు ఎక్కించిన అంకె ఒక్కటే ఆ తెరమీద ఉంటుంది. అందుకే "బిల్లు ఎక్కువొచ్చింది" అంటే "వాడారు కాబట్టి వచ్చింది" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. ఆ అంకె తప్పని చూపించే మరో అంకె మీ చేతిలో ఉండాలి.

ముందు బిల్లు పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లండి. మూడు చూడాలి. బిల్లుమీద ఉన్న మీటరు నంబరూ మీటరుమీద చెక్కిన నంబరూ ఒకటేనా? ఈ బిల్లులోని "పాత రీడింగు" పోయిన నెల బిల్లులోని "కొత్త రీడింగు"తో కలుస్తోందా? ఇప్పుడు మీటరు చూపిస్తున్న అంకె బిల్లులో వేసినదానికన్నా ఎక్కువా, తక్కువా? మీటరు నంబరూ రీడింగూ ఒకే చిత్రంలో పడేలా ఫోటో తీయండి. విడివిడిగా తీస్తే అది మీ మీటరేనని ఏమిటి రుజువు అంటారు.

మీ పాత రీడింగు 5363 అనుకుందాం. బిల్లులో కొత్త రీడింగు 5843 అని పడింది. వారం తర్వాత మీరు చూస్తే మీటరులో 5521 ఉంది. మామూలు ఇంటి మీటరు వెనక్కి తిరగదు కదా! అసలు రీడింగు 5483 అయ్యుంటుంది, రాసేటప్పుడు 4, 8 తారుమారయ్యాయి. ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికి లెక్కలు రాసేవాళ్లకు తెలిసిన కిటుకు ఒకటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తప్పు అంకెకూ సరైన అంకెకూ మధ్య తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. 5843లోంచి 5483 తీసేస్తే 360. తొమ్మిది నలభైలు.

ఇంకో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. పాత చక్రాల మీటర్లలో చివరి ఎర్ర అంకె యూనిట్‌లో పదో వంతు. దాన్నీ కలిపి చదివితే రీడింగు పదింతలవుతుంది. డిజిటల్ మీటరు తెరమీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి: తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండు, కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్ (మనం యూనిట్లు అనేది దీన్నే). మీ బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద వేసేదైతే పక్క అంకె రాసుకుపోయినా తప్పే. ఫోటో తీసేటప్పుడు అంకె పక్కన ఆ అక్షరాలు కనిపించాలి.

అంకెలన్నీ సరిపోయి, అయినా వాడకం నమ్మశక్యంగా లేకపోతే అప్పుడు మీటరును అనుమానించాలి. మీటరు ముఖం మీద "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" లాంటి రాత ఉంటుంది. చిన్న దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. ఇంట్లో అన్నీ ఆపి 2000 వాట్ల గీజరు ఒక్కటే వేయండి, అది నీళ్లు వేడిచేస్తున్న సమయంలోనే చూడండి. మొదటి మెరుపు దగ్గర "సున్నా" అంటూ గడియారం మొదలుపెట్టి వంద మెరుపులు లెక్కించండి. సరైన మీటరుకు 56 సెకన్లు పడుతుంది. అటూ ఇటూ అయిదారు సెకన్లు తేడా ఉంటే పట్టించుకోకండి. వోల్టేజి 5 శాతం పెరిగితే గీజరు తీసుకునే వాట్లు దాదాపు 10 శాతం పెరుగుతాయి, అది మీటరు తప్పు కాదు. నలభై సెకన్లలోపే వంద అయిపోతే మాత్రం మీటరు పరీక్షకు రాసి ఇవ్వండి. మీ మీటరుతో వరుసలో ఇంకో మీటరు కొన్ని రోజులు పెట్టి రెండింటినీ పోల్చమనండి. పరీక్ష రుసుము ఎంతో, మీటరు తప్పని తేలితే అది వెనక్కి వస్తుందో లేదో ముందే అడగండి. మీటరు విప్పి తీసుకెళ్తామంటే విప్పకముందే సీళ్లకూ రీడింగుకూ ఫోటో తీసి, మీ సమక్షంలో తీశామని సంతకం చేయించుకోండి.

ఆఖరుగా మెయిన్ స్విచ్ ఆపేసి చూడండి. దీపం ఇంకా మెరుస్తూనే ఉంటే మీ మెయిన్‌కు ముందునుంచే ఎవరికో వైరు వెళ్తోంది, లేదా మీరు చూస్తున్నది మీ మీటరే కాదు. అపార్టుమెంట్లలో పక్కింటి మీటరుతో తారుమారవడం అరుదేమీ కాదు. మీ మెయిన్ ఆపినప్పుడు ఏ మీటరు ఆగుతుందో చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అయితే మీటరు పెట్టె మూత మీరు విప్పకండి, సీలు తెగితే తప్పు మీ మీదికొస్తుంది.

ప్రశ్న: ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఎస్ఎంఎస్ వస్తుంది. ఎవరూ రారు, ఏదీ బాగుపడదు. ఇప్పటికి మూడు ఫిర్యాదు నంబర్లు అయ్యాయి. ఎందుకిలా జరుగుతోంది?

జవాబు: ఆ మూడో నంబరు తీసుకోవడంలోనే మీరు నష్టపోయారు. కొత్త నంబరు వచ్చిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. పైఅధికారి చూస్తే "నిన్న వచ్చిన ఫిర్యాదు" లాగే కనిపిస్తుంది, నెలరోజుల గోడులా కనిపించదు. ఇకమీదట "పాత నంబరునే తిరిగి తెరవండి" అనే అడగండి. గడువు దాటిందని కుదరదంటే, కొత్తదాని వివరాల్లో పాత నంబర్లన్నీ రాయించండి.

ఫిర్యాదు పని కాకుండానే మూతపడటానికి ప్రధానంగా మూడు కారణాలు. మొదటిది, దాన్ని తప్పు ఖానాలో వేయడం. ఫోన్‌లో మనం చెప్పింది "విచారణ"గానో, "సేవా అభ్యర్థన"గానో, "ఫిర్యాదు"గానో నమోదవుతుంది. విచారణ అయితే మీకు జవాబు చెప్పిన క్షణంలోనే అది ముగిసినట్టు. అందుకే ఫోన్ పెట్టేముందు "దీన్ని ఏ రకం కింద నమోదు చేశారు, ఏ విభాగానికి వెళ్లింది, గడువు ఎప్పటికి?" అని అడిగి రాసుకోండి. రెండోది, పని చేయాల్సిన మనిషి "తలుపు తాళం వేసి ఉంది", "ఫోన్ ఎత్తలేదు", "లోపం కనిపించలేదు" అన్న మూడింట్లో ఒకటి రాసి ముగించడం. గడువులోగా ఎన్ని ముగిశాయన్నదే కొలతగా పెట్టుకున్న చోట ఈ ఒత్తిడి సహజంగానే ఉంటుంది. మూసేటప్పుడు ఏ వ్యాఖ్య రాశారో చదివి వినిపించమని అడిగే హక్కును వదులుకోకండి. "తలుపు తాళం" అని రాసిన రోజున మీరు ఇంట్లోనే ఉంటే ఆ తేదీ, సమయం పట్టుకుని నిలదీయొచ్చు. మూడోది, వాళ్ల రికార్డులో మీ పాత ఫోన్ నంబరు ఉండిపోవడం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ పనివాడు పాత నంబరుకు ఫోన్ చేసి వెళ్లిపోతే మీకు తెలిసే దారే లేదు.

రెండోసారి మూసేశాక ఫోన్ల మీద ఆధారపడకండి, కాగితం మీదికి రండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉంటే చాలు:

"సర్వీసు నంబరు ఫలానా. మీటరు నంబరు ఫలానా. ఫలానా తేదీ బిల్లులో రీడింగు 5843 అని వేశారు. ఫలానా తేదీన మీటరులో 5521 ఉంది, ఫోటో జతచేశాను. ఫలానా మూడు ఫిర్యాదులూ పరిష్కారం కాకుండానే మూసేశారు. రీడింగు సరిచేసి సవరించిన బిల్లు ఇవ్వండి. ఈ ఉత్తరానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి."

అడిగేది ఒక్కటే ఉండాలి. సిబ్బంది మర్యాదగా మాట్లాడలేదన్న బాధ కూడా ఇందులోనే కలిపితే జవాబు దానికి వస్తుంది, బిల్లుకు రాదు. దానికి వేరే కాగితం రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి మీ ప్రతిమీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అందిన రసీదు తిరిగొచ్చే తపాలాలో పంపండి. చెప్పిన గడువు దాటాక అదే ఉత్తరాన్ని పై అంచెకు, అక్కడా కాకపోతే ఆ సంస్థమీద అజమాయిషీ ఉన్న నియంత్రణ మండలికి లేదా వినియోగదారుల వేదికకు పంపాలి. మధ్య అంచె దాటేసి వెళ్తే చాలాచోట్ల "ముందు అక్కడ అడగండి" అని తిప్పి పంపేస్తారు, నెల వృథా.

ప్రశ్న: మూడు నెలలు సగటు బిల్లు వేశారు. నాలుగో నెల రీడింగు తీసి 520 యూనిట్లు ఒకేసారి వేశారు. వాడింది మేమే, కాదనను. కానీ మొత్తం ఇంత ఎలా అయింది?

జవాబు: స్లాబు వల్ల. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి ఉన్నచోట ఇది పెద్ద అన్యాయం. మొదటి స్లాబు 100 వరకు, రెండోది 200 వరకు, ఆపైన మూడోది అనుకోండి. 520నీ ఒకే నెలలో వేస్తే 320 యూనిట్లు అన్నిటికన్నా ఖరీదైన స్లాబులో పడతాయి. నాలుగు నెలలకు పంచితే నెలకు 130. అంటే మొదటి స్లాబులో 400, రెండోదాంట్లో 120, మూడోదాంట్లో ఒక్కటీ లేదు. మీరు అడగాల్సింది "తగ్గించండి" అని కాదు. "రీడింగు తీసిన తేదీ నుంచి తీసిన తేదీ వరకు నెలలవారీగా పంచి, సగటు బిల్లులకు కట్టిన డబ్బు మినహాయించి, లెక్క పత్రం ఇవ్వండి" అనాలి. నెల బిల్లును 38 రోజులకు తీసినప్పుడూ ఇదే తకరారు వస్తుంది, బిల్లులో రోజుల సంఖ్య చూసుకోండి.

ఈ లెక్క తేలేవరకు బిల్లు మొత్తం ఆపేయకండి. బకాయి ఉన్న సర్వీసుల జాబితా యంత్రం తీస్తుంది, మీ పేచీ సంగతి దానికి తెలీదు. పేచీ లేని భాగం కట్టేసి, "అభ్యంతరానికి లోబడి కడుతున్నాను" అని రాసి ఇవ్వండి. పాక్షికంగా తీసుకోరంటే మొత్తం కట్టి అయినా ఈ మాట రాతలో పెట్టండి.

ప్రశ్న: ఒక గదిలో లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి, ఇంకో గదిలో ఫ్యాను తిరగడంలేదు. ఫోన్ చేస్తే రేపు పంపిస్తామన్నారు.

జవాబు: రేపటిదాకా ఆగకండి. వెంటనే మెయిన్ స్విచ్ ఆపేయండి. త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగినా, వదులైనా ఇలాగే ఉంటుంది. 230 వోల్టుల వస్తువుకు ఒక్కోసారి 400కు దగ్గరగా వచ్చి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి, మంటలూ అంటుకోవచ్చు. మీరు "లైట్లు సరిగా వెలగట్లేదు" అన్నట్టున్నారు, అది మామూలు ఫిర్యాదుగా నమోదైంది. "న్యూట్రల్ పోయింది, వోల్టేజి ఎక్కువొస్తోంది, ప్రమాదం" అనండి, అత్యవసరం కింద రాయమనండి. పక్కిళ్లలోనూ ఇలాగే ఉంటే వాళ్లతోనూ ఫోన్ చేయించండి. లోపం మీ ఇంట్లో కాదు, బయటి లైనులో ఉందని దానివల్ల వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: నీళ్ల బిల్లు రెండింతలైంది. "లీకేజీ మీ ఇంట్లోనే" అని ఫోన్ పెట్టేశారు. ఎక్కడా తడి కూడా లేదు.

జవాబు: తడి కనిపించని లీకేజీ ఎక్కువగా మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులోనే ఉంటుంది. ట్యాంకులో కాస్త రంగు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా చూడండి. కింద బేసిన్‌లోకి రంగు దిగితే అడుగున ఉన్న రబ్బరు బిళ్ల పాడైంది, మార్చాలి.

తర్వాత ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, పైట్యాంకు నిండి బంతి వాల్వు మూసుకున్నాక మీటరు చూడండి. అంకెల పక్కన నక్షత్రంలాంటి చిన్న చక్రం ఉంటే అది కదలకూడదు. కదిలితే మీటరు తర్వాత ఉన్న గేటు వాల్వు కట్టండి. అప్పుడు చక్రం ఆగితే లీకేజీ మీ వైపే. వాల్వు గట్టిగా మూసుకున్నాక కూడా తిరుగుతుంటే మీటరుమీదే అనుమానం. కారుతున్న కుళాయిని చిన్నచూపు చూడకండి. కింద గ్లాసు పెట్టి పది నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు పడితే రోజుకు 14.4 లీటర్లు, 30 రోజులకు 432 లీటర్లు. అయినా అది అర ఘనపు మీటరు కూడా కాదు, కాబట్టి రెండింతల బిల్లుకు అదొక్కటే కారణం కాకపోవచ్చు. నల్ల అంకెలు ఘనపు మీటర్లు, ఎర్రవి లీటర్లు ఉన్న మీటరులో ఎర్రవాటినీ కలిపి చదివారేమో కూడా చూడండి.

నీళ్లు ఆగి ఆగి వచ్చే చోట ఇంకో సంగతి ఉంది. నీటికి ముందు గొట్టంలోని గాలి తోసుకొచ్చి మీటరును తిప్పుతుంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో, నీరు పడకుండానే మీటరు తిరుగుతున్నట్టు ఒక వీడియో తీసి ఫిర్యాదుకు జతచేయండి. మీటరుకు ముందు గాలి వదిలే వాల్వు పెట్టమని అడగడానికి అదే ఆధారం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాను, ఖాతాలో కోత పడింది. బిల్లులో మాత్రం బకాయి అలాగే ఉంది.

జవాబు: రసీదులో ఉన్న సర్వీసు నంబరును ఒక్కో అంకే చూసుకోండి. ఒక్కటి తేడాగా ఉంటే డబ్బు ఎవరి ఖాతాలోకో వెళ్లింది, సంస్థే దాన్ని బదిలీ చేయాలి. నంబరు సరిగ్గా ఉంటే బ్యాంకు ఇచ్చిన లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం ఒకే సందేశంలో బ్యాంకుకూ సంస్థకూ పంపండి. బ్యాంకును "డబ్బు సంస్థ ఖాతాకు చేరిందా, తిరిగొచ్చిందా" అని అడగండి. చేరిందని రాతలో వచ్చాక ఆ జవాబును బిల్లింగు విభాగానికి పంపి, జమ పడేవరకు కనెక్షన్ తీయవద్దని అదే కాగితంలో కోరండి. రెండోసారి కట్టేయమని ఫోన్‌లో సలహా ఇస్తే ఒప్పుకోకండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే, రెండోది వచ్చే బిల్లులో సర్దుబాటు అవుతుందని ముందుగా రాయించుకోండి.