గీతను చూసి కొను, రంగును చూసి కాదు

చిరంజీవి హారికకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోను మూడు రోజులుగా చూస్తున్నాను. దానిమ్మ కొమ్మ, దాని చుట్టూ నీలి రెక్కల సీతాకోకచిలుక. పురుగులను, మొక్కలను చిత్రించిన మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి 1705లో తెచ్చిన సూరినామ్ పుస్తకంలోని తొమ్మిదో పటం అది. దుకాణంలో చెప్పినట్టు అది మూడు వందల ఏళ్ల నాటిదే కావచ్చు, నిరుడు అచ్చయినదీ కావచ్చు. ఫొటోలో ఆ సంగతి తేలదు. మొదటి జీతాలు కూడబెట్టి ఇలాంటిది కొనాలని నీకు తోచినందుకు నేనెంత సంతోషించానో మీ నాన్నను అడుగు. ముప్పై ఏళ్లు పిల్లలకు రాగి పలక మీద చెక్కడం నేర్పాను. మన ఇంట్లో ఆ పని గురించి నన్ను అడిగినదానివి నువ్వే మొదలు. అందుకే, డబ్బు కట్టే ముందు కాస్త ఆగమని చెప్పడానికి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటే. ఈ పటాల్లో రంగు నిన్ను పిలుస్తుంది, గీత నీకు నిజం చెబుతుంది. ఆ రోజుల్లో అచ్చు పడేది నల్లని గీత మాత్రమే. రంగు తర్వాత కుంచెతో ఒక్కొక్క పుట మీద చేత్తో వేసేవారు. మేరియన్ పుస్తకం కూడా రంగు లేకుండా కొంత, రంగు వేసి కొంత అమ్ముడయింది. కాబట్టి పాత అచ్చు మీద నిన్నగాక మొన్న వేసిన రంగు ఉండవచ్చు. రంగుల పటానికి గిరాకీ ఎక్కువ కనుక అలా వేయడం ఎన్నో తరాలుగా జరుగుతూనే ఉంది. గీతను మాత్రం ఎవరూ తర్వాత చేర్చలేరు.

ఆ గీత ఎలా పుడుతుందో తెలిస్తే సగం పరీక్ష అయినట్టే. మన తామ్రశాసనాలు మ్యూజియంలో చూశావు కదా. అక్కడ రాగిరేకు మీద అక్షరాన్ని చదువుకోవడానికి చెక్కారు. ఈ పనిలో గాడిలో సిరా నిలవడానికి చెక్కుతారు. పలకంతా సిరా పూసి గుడ్డతో తుడిస్తే పైభాగం శుభ్రపడి గాడిలో మాత్రమే సిరా మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి రెండు రోలర్ల మధ్య బలంగా నడిపిస్తే కాగితం గాడిలోకి దిగి సిరాను ఎత్తుకుని వస్తుంది. అందుకే ఆరిన తర్వాత కూడా సిరా గీత కాగితం మీద సన్నని గట్టులా నిలుస్తుంది. పలక అంచు ఒత్తిన గుర్తు పటం చుట్టూ దీర్ఘచతురస్రంగా పల్లంగా పడుతుంది. పటాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుగు పక్క నుంచి పడేలా వాలుగా పట్టుకో. ఆ గట్టు, ఆ పల్లం రెండూ కనిపించాలి.

తర్వాత భూతద్దం. పది రెట్లు చూపించేది ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చు కాదు. గీత బదులు నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరుసగా కనిపిస్తే అది ఈ కాలపు యంత్రం అచ్చు, ఇంకేమీ చూడనక్కరలేదు. గీత గీతగానే ఉంటే దాని కొనలు చూడు. ఉలితో నేరుగా చెక్కిన గీత మొదట్లో సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, చివర సూదిలా సన్నబడుతుంది. చెయ్యి ఒత్తిడి పెంచి తగ్గించిన తీరు అందులో అలాగే ఉండిపోతుంది. మైనం పూత మీద సూదితో గీసి ఆమ్లంతో తినిపించిన గీత, అంటే ఎచ్చింగ్, దాదాపు ఒకే మందంతో సాగి మొద్దుగా ముగుస్తుంది. చాలా పటాల్లో రెండూ కలిసే ఉంటాయి. రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసే లిథోగ్రఫీ 1796 తర్వాతి పద్ధతి. అందులో గట్టూ ఉండదు, లోతైన అంచు గుర్తూ ఉండదు. 1705 నాటి పటమని చెప్పి అలాంటిది చూపిస్తే వెంటనే కింద పెట్టేయ్.

కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టి చూడమని కూడా అడుగు. ఆ కాలపు కాగితంలో తీగల జల్లెడ గుర్తులు, దగ్గర దగ్గరగా సన్నని చారలు, వాటికి అడ్డంగా దూరం దూరంగా గొలుసు చారలు, నీడల్లా కనిపిస్తాయి. చారలు లేని నున్నటి కాగితం ఇంగ్లండులో పుస్తకాల అచ్చుకు వచ్చింది 1757లో.

ఇప్పుడు ఒక చిక్కు చెబుతాను. దీన్ని చెప్పకపోతే నువ్వు మంచి పటాన్ని కాదని వదిలేసే ప్రమాదం ఉంది. మేరియన్ కొన్ని ప్రతులను మామూలుగా అచ్చు వేయలేదు. అప్పుడే తీసిన తడి అచ్చు మీద ఇంకో ఖాళీ కాగితాన్ని పెట్టి మళ్లీ యంత్రంలో నడిపేవారు. తడి సిరా కొంత రెండో కాగితానికి అంటుకునేది. దానిలో గీత లేతగా, బూడిద రంగులో ఉంటుంది, పలక అంచు గుర్తు ఉండదు, గట్టు తేలదు. మామూలు అచ్చులో అద్దంలోలా తిరగబడే బొమ్మ ఇందులో మళ్లీ తిరగబడి, ఆమె గీసిన అసలు చిత్రం దిక్కుకే వస్తుంది. దాని మీద రంగు వేస్తే గీత కనుమరుగై అచ్చంగా చేత్తో వేసిన చిత్రంలా ఉంటుంది. అలాంటివి ఖరీదైన ప్రతులు. కాబట్టి అంచు గుర్తు లేదనగానే నకిలీ అని తీర్మానించకు. ముందు భూతద్దంతో చుక్కలు ఉన్నాయేమో చూడు, కాగితం చూడు, బొమ్మ ఏ దిక్కుకు తిరిగి ఉందో గ్రంథాలయంలోని ప్రతితో పోల్చు.

మేరియన్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి పేరున్న రాగి చెక్కడపు కళాకారుడు, ప్రచురణకర్త. ఆమె మూడేళ్ల పిల్లగా ఉండగానే పోయాడు. సవతి తండ్రి పూల చిత్రకారుడు. పదమూడేళ్లకే పట్టుపురుగులను పెంచి, అవి గూడు కట్టుకోవడం, శలభాలై బయటికి రావడం చూసి రాసుకుంది. 1679లో 50 పటాలతో, 1683లో మరో 50 పటాలతో గొంగళి పురుగుల పుస్తకాలు తెచ్చింది. ఆ పలకలు ఆమె స్వయంగా చెక్కినవే. యాభై రెండేళ్ల వయసులో, 1699లో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని ఓడ ఎక్కి దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు వెళ్లింది. జబ్బు చేసి 1701లో తిరిగి వచ్చింది. 1705లో 60 పటాలతో పుస్తకం వెలువడింది. వాటిలో మూడింటిని తానే చెక్కి, మిగతావి స్లైటర్, ముల్డర్, స్టోపెండాల్ అనే కళాకారుల చేత చెక్కించింది. ఆ పుస్తకం అమ్మిన రోజుల్లో ఆమె ఉన్నది మీ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే, కెర్క్‌స్ట్రాట్ వీధిలో. నువ్వు రోజూ సైకిల్ మీద అటువైపు వెళ్తుంటావేమో.

నీ ఫొటోలోని నీలి సీతాకోకచిలుక గురించి ఆమె రాసిన మాట నాకెప్పుడూ గుర్తొస్తుంది. భూతద్దంతో చూస్తే ఆ రెక్క పెంకుటింటి కప్పులా వరసగా పేర్చినట్టుందని రాసింది. రెక్కల మీది పొలుసులను ఆమె అంత దగ్గరగా చూసింది. ఆ నీలం నిజానికి రంగు పదార్థం కాదు, పొలుసుల నిర్మాణం మీద వెలుగు పడి పుట్టే మెరుపు. ఏ కుంచె దాన్ని పట్టుకోలేదు. సుమారు వందేళ్ల తర్వాత, 1800లో, భారతదేశపు కీటకాల పుస్తకం వేసిన ఎడ్వర్డ్ డోనోవన్ తన పటాల్లో మెరుపు పూతలు అద్ది ప్రయత్నించాడు. చూస్తే కళ్లు చెదురుతాయి. అయినా నాకు మేరియన్ గీతే ఇష్టం.

రంగు ఎంత మోసం చేస్తుందో తెలిపే కథ ఒకటుంది. లండన్‌లో పెటివర్ అనే సేకర్తకు ఒక పసుపు సీతాకోకచిలుక అందింది. రెక్కల మీద నల్ల మచ్చలు, నీలి నెలవంకలు. ఆయన 1702లో దాన్ని పటంగా వేయించాడు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నిలబెట్టిన లినేయస్ అంతటివాడు 1763లో దానికి కొత్త జాతిగా పేరు పెట్టాడు. 1793లో ఆయన శిష్యుడు, కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పరీక్షించి చూస్తే ఆ మచ్చలు ఎవరో కుంచెతో అద్దినవి. ఇంగ్లండులో మామూలుగా ఎగిరే పసుపు సీతాకోకచిలుక అది.

మరి పాత రంగును ఎలా గుర్తుపట్టాలి? పటాన్ని వెనక్కి తిప్పు. ఆకుల పచ్చకు ఆ రోజుల్లో రాగి చిలుముతో చేసిన రంగు వాడేవారు. అది మెల్లగా కాగితాన్ని తినేస్తుంది. వెనక వైపున సరిగ్గా ఆకులు ఉన్నచోట గోధుమ రంగు నీడ దిగి ఉంటే, ఆ పచ్చ ఏళ్ల తరబడి అక్కడ ఉన్నట్టే. తెల్ల రెక్కలకు వాడిన సీసపు తెలుపు గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది. తెల్లగా ఉండవలసిన సీతాకోకచిలుక అంచుల దగ్గర బూడిదగా, నల్లగా మారి కనిపిస్తే పాడైందని విసుక్కోకు, అది కూడా వయసు గుర్తే. అన్నీ నిగనిగలాడుతూ, వెనకవైపు తెల్లగా ఉంటే మాత్రం అనుమానించు.

వయసు తేలినా ఏ అచ్చు అన్నది మిగులుతుంది. రాగి మెత్తని లోహం. ప్రతి అచ్చుకూ గాడి కొంచెం అరుగుతుంది, సన్నని గీతలు ముందు పోతాయి. మేరియన్ 1717లో కన్నుమూసింది. 1719లో 72 పటాలతో పుస్తకం మళ్లీ వచ్చింది, 1726లో, 1730లో కూడా వచ్చింది. గొంగళి పురుగు ఒంటి మీది వెంట్రుకలు చూడు. ఒక్కొక్కటి విడిగా, పదునుగా ఉంటే తొలి అచ్చులకు దగ్గరది. కలిసిపోయి మసకగా ఉంటే అరిగిన పలక నుంచి తీసింది. తక్కువ ధరకు వస్తే అదీ కొనదగినదే, కానీ తొలి అచ్చు ధర మాత్రం ఇవ్వకు.

ఇప్పుడు నా మనసులో అసలు బరువైన సంగతి. ఇలాంటి విడి పటాల్లో చాలా వరకు ఒకప్పుడు పుస్తకంలో ఉన్నవే. పుస్తకం మొత్తం అమ్మితే వచ్చే డబ్బు కంటే పుటలు కోసి విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని కోసేస్తారు. వందేళ్ల కిందటే విడిపోయి చేతులు మారిన పటాన్ని నువ్వు కొంటే తప్పు లేదు. అంచు తాజాగా కోసినట్టు తెల్లగా ఉండి, అదే దుకాణంలో అదే పుస్తకం పటాలు ఇంకా పది ఉంటే, దయచేసి కొనకు. ఆ పుస్తకంలో 45వ పటం ఏమిటో తెలుసా? మన ఇంటి గేటు పక్కన ఉన్న రత్నగంధి. ఎరుపు పసుపు పూలు, ఆకు తినే గొంగళి పురుగు, దాని శలభం. బొమ్మ పక్కనే మేరియన్ రాసింది: డచ్చి యజమానుల కింద బానిసలుగా ఉన్న ఆడవాళ్లు తమ పిల్లలు బానిసలు కాకూడదని ఆ చెట్టు గింజలతో గర్భం పోగొట్టుకునేవారని, ఆ మాట వాళ్లే తనతో చెప్పారని. ఆమెకు పురుగులను, మొక్కలను తెచ్చి ఇచ్చిన వాళ్లలో బానిసలూ ఉన్నారు, అక్కడి ఆదివాసులూ ఉన్నారు. పుటను కోసి చట్రంలో బిగిస్తే పూలు గోడ మీద ఉంటాయి, ఆ ఆడవాళ్ల మాట చెత్తబుట్టలోకి పోతుంది. నాకు ఇది ఏనాడూ మింగుడు పడలేదు.

అందుకే కొనే ముందు ఒక పూర్తి పుస్తకాన్ని చూడు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు ఆర్టిస్ గ్రంథాలయం మీ ఊళ్లోనే ఉంది, హేగ్‌లో జాతీయ గ్రంథాలయం ఉంది. ముందుగా రాసి అడుగు. చేతులు కడుక్కుని బాగా ఆరనిచ్చి పుట తిప్పు. గ్లౌజులు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియక అంచు చిరుగుతుంది. అక్కడ ఒక గంట గడిపావంటే దుకాణంలో నీ కన్ను వేరుగా పని చేస్తుంది.

నీలో ఓపిక ఉంటే ఇంకో పని కూడా చెయ్యి. అక్కడ ఎచ్చింగ్ నేర్పే చోట్లు ఉంటాయి. ఒక పూట కూర్చుని అరచేతంత రాగి పలక మీద ఒక్క రెక్క చెక్కి చూడు. ఉలిని కదపకూడదు, పలకను తిప్పాలి. వంపు తిరిగే గీత కావాలంటే కుడిచేతిలో ఉలి నిలకడగా ఉండగా ఎడమచెయ్యి పలకను తిప్పుతుంది. నా విద్యార్థులకు ఈ ఒక్క సంగతి చేతికి అబ్బడానికి నెలలు పట్టేది. నీకు ఒక్క రెక్కకే మెడ పట్టేస్తుంది. ఆ తర్వాత అరవై పటాల పుస్తకాన్ని చూసే చూపు మారిపోతుంది.

మన వైపు కూడా ఈ పనికి సంబంధం ఉందమ్మా. సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. వాటిని లండన్‌లో రాగి పలకల మీద చెక్కి, 1795 నుంచి మూడు సంపుటాలుగా 300 పటాలు వేశారు. ఆయనే తర్వాత దసలి పట్టుపురుగు గురించి, ఆముదపు ఆకు తినే పట్టుపురుగు గురించి 1804లో పటాలతో రాశాడు. ఎప్పుడైనా లండన్ వెళ్తే మన కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన ఆ మూడు సంపుటాలు అడిగి చూడు.

కొన్న తర్వాత ఎక్కడ పెడతావన్నది చివరి మాట. నా ఇరవై ఆరో ఏట ఒక పాత శలభం పటం దొరికితే మురిసిపోయి తూర్పు కిటికీకి ఎదురుగా గోడకు తగిలించాను. ఆరేళ్లలో దాని గులాబీ రంగు మొత్తం వెలిసిపోయింది. ఇప్పటికీ ఆ పటం నా బీరువాలో ఉంది, గీత మాత్రం చెక్కు చెదరలేదు. నువ్వు ఎండ తగలని గోడ చూసుకో. ఆమ్లం లేని అట్ట మీద పెట్టించు, అద్దం పటానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమను. వెనక జిగురు టేపు అతికించనివ్వకు. నెలల తరబడి ఊళ్లో లేకపోతే తీసి పెట్టెలో పెట్టు.

దుకాణానికి మళ్లీ వెళ్లినప్పుడు పటాన్ని చట్రం నుంచి బయటికి తీసి చూపించమను. తీయము అంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. తీస్తే ఇంకో ఫొటో పంపు తల్లీ. వెనక వైపుది పంపు.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

ఆశీస్సులతో,
పెద్దనాన్న